సుతి తెగలేదు

మా మేళంలో సన్నాయి బాపుది, డోలు మా కాకది. బాపు అంటే మా నాన్న, కాక ఆయన తమ్ముడు. సుతి పట్టేది మాత్రం రావల్కోల్ తాత. ఆయన మా అమ్మకు మేనమామ. ఆయన చేతిలో ఉండేది కూడా సన్నాయి లాంటిదే. కాకపోతే రంధ్రాలన్నీ మైనంతో మూసేసి, ఒక్కటే స్వరం పలికేలా చేసినది. బాపు ఏది ఊదినా వెనకాల ఆ ఒక్క స్వరం మోగుతూనే ఉండాలి. మధ్యలో బాపు ఊపిరి కోసం ఆగవచ్చు, కాక డోలు మీద చెయ్యి తీసి చెమట తుడుచుకోవచ్చు. సుతి ఆగకూడదు. పెళ్లికూతురిని తెచ్చి పీట మీద కూర్చోబెట్టిన దగ్గర్నుంచి పుస్తె ముడి పడేదాకా అది తెగితే అపశకునం అనేవాడు బాపు.

మేడ్చల్‌లో బస్ డిపోకు కొంచెం ఇవతల మాకు కటింగ్ షాపు ఉండేది. మామూలు రోజుల్లో కత్తెర, లగ్గాలు ఉన్న రోజుల్లో సన్నాయి. మా కులంలో ఆ రెండూ ఒకే ఇంట్లో పుడతాయి. తొంభైల మొదట్లో నేను ఇంటర్ తప్పి షాపులో నిలబడ్డాను. ఆ ఏడే రావల్కోల్ తాతకు ముందుపళ్లు ఊడిపోయాయి. వెనక పళ్ల ఆనుడు లేకపోతే పెదవులు సన్నాయి కొసన ఊదే పీకను పట్టి ఉంచలేవు. రెండు లగ్గాలు ఎలాగో లాగించి, మూడోదాంట్లో గాలి పక్కనుంచి పోతుంటే తాత సుతిని బట్టలో చుట్టి బాపు ముందు పెట్టేశాడు.

"ఇగ నాతోని కాదు అల్లుడా. పోరనికి నేర్పు" అన్నాడు.

బాపు నన్ను అడగలేదు. మర్నాడు పొద్దున షాపు తెరవకముందే పెరట్లోకి పిలిచి, ఆముదం చెట్టు నుంచి ఒక ఆకు తెంపి, కాడ మాత్రం కోసి ఇచ్చాడు. ఆముదపు కాడ లోపల బోలుగా ఉంటుంది. చెంబులో సగం నీళ్లు పోసి నా ముందు పెట్టాడు.

"ఊదు. బుడగలు ఆగొద్దు."

"ఎంతసేపు?"

"నేను ఆపమన్నదాక."

ఊదాను. ఛాతీలో ఉన్నదంతా పోయాక బుడగలు ఆగాయి. బాపు నా వీపు మీద ఒకటి వేశాడు. మళ్లీ ఊదాను. మళ్లీ ఆగాయి. పదిసార్లయ్యాక అప్పుడు చెప్పాడు సంగతి. ఛాతీలో గాలి అయిపోకముందే బుగ్గల నిండా కొంత దాచుకోవాలి. ఆ బుగ్గల గాలిని బుగ్గలతోనే నొక్కి కాడలోకి వదులుతూ, ఆ కాస్త సందులో ముక్కుతో కొత్త ఊపిరి పీల్చుకోవాలి. నోట్లోంచి పోతూ ఉండాలి, ముక్కులోంచి వస్తూ ఉండాలి, రెండూ ఒకేసారి. వింటే సులువుగానే ఉంది. చేయబోతే ఒళ్లు ఒప్పుకోదు. ముక్కుతో పీల్చగానే నోరు కూడా పీల్చేది. చెంబులో నీళ్లు గొంతులోకి వచ్చి పొలమారేది. దగ్గి దగ్గి కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతుంటే బాపు గోడకు ఆనుకుని బీడీ కాలుస్తూ, దగ్గు తగ్గేదాకా చూసి, "ఊదు" అనేవాడు.

మూడు నెలలు అదే పని. దవడలు వాచి రొట్టె నమలలేకపోతే అమ్మ అన్నం మెత్తగా పిసికి మజ్జిగ పోసి పెట్టేది. చెవుల్లో ఎప్పుడూ ఒక హోరు ఉండేది. షాపులో గిరాకీ తల మీద కత్తెర పెట్టుకుని కూడా నేను బుగ్గలు పూరించి వదులుతుండేవాణ్ని. ఒకాయన అద్దంలో చూసి, తనను వెక్కిరిస్తున్నానని లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఒక పొద్దున అది వచ్చింది. నేనేమీ కొత్తగా చేయలేదు. బుడగలు పోతూనే ఉన్నాయి, ముక్కులోంచి చల్లగా గాలి లోపలికి దిగింది, బుడగలు ఆగలేదు. ఇంకోసారి. ఇంకోసారి. సంతోషం కలగలేదు, భయం వేసింది. ఊపిరి నాది కాదేమో, నా ఒంట్లో ఇంకెవరో కూర్చుని తీస్తున్నారేమో అనిపించింది. బాపు చెంబు వైపు చూసి, "ఆఁ" అన్నాడు. ఆయన దగ్గర నేను అందుకున్న మెప్పు అదొక్కటే.

చెంబు నుంచి పీకకు, పీక నుంచి సుతికి వచ్చేసరికి ఇంకో ఆరు నెలలు పట్టింది. వాడకట్టులో వాళ్లు చెవులు పగులుతున్నాయని తిట్టడంతో సైకిల్ వేసుకుని శామీర్‌పేట చెరువు కట్ట మీదికి పోయి ఊదేవాణ్ని. ఊపిరి కుదిరాక బాపు అసలు పరీక్షలు మొదలుపెట్టాడు. నేను ఊదుతుంటే మొహం మీద నీళ్లు కొట్టేవాడు. వెనకనుంచి వచ్చి తొడ మీద గిల్లేవాడు. "పామురా!" అని అరిచేవాడు. ఒకరోజు నేను పెరట్లో సుతి పట్టి కూర్చున్నప్పుడు కాక ఉరుక్కుంటూ వచ్చి, "అరే, అవ్వ బాయికాడ పడ్డదిరా! నెత్తి పలిగింది!" అన్నాడు.

నేను సుతి పారేసి పరుగెత్తాను. బావి దగ్గర అవ్వ, బాపు తల్లి, బట్టలు పిండుకుంటూ ఉంది. నన్ను చూసి, "ఏమైందిరా?" అని అడిగింది. తిరిగి వచ్చేసరికి బాపు సుతికి అంటిన మన్ను తుడుస్తున్నాడు. నా చెంప మీద కొట్టిన దెబ్బకు పంటికి తగిలి పెదవి తెగింది.

"అవ్వ పడితె ఎత్తెటోళ్లు మస్తుమంది ఉన్నరు. సుతి పట్టెటోనివి నువ్వొక్కనివే. ఇల్లు అంటుకున్నా ముడి పడేదాక తెగొద్దు. సమజైందా?"

సమజైంది. ఆ తర్వాత ఎన్నడూ ఆపలేదు.

పదేళ్లకు పైగా ఎన్ని లగ్గాలకు పోయామో లెక్క లేదు. సుతి పట్టేవాణ్ని ఎవరూ చూడరు. వాడికి మాత్రం చూడటం తప్ప వేరే పని ఉండదు. వేళ్లకు పని లేదు, రాగం గురించి ఆలోచించేది లేదు. బుగ్గలు వాటి పని అవి చేసుకుంటుంటే కళ్లు మండపమంతా తిరుగుతాయి. ఏడుపు ఆపుకోవడానికి పెళ్లికూతురు కింది పెదవి కొరుక్కోవడం చూశాను. ఒకసారి మేడ్చల్‌లోనే, టెంటు వెనక పెళ్లికొడుకు అన్నదమ్ములు ఒక వంటమనిషిని పడేసి తన్నడం చూశాను. అతను నా వైపే చూస్తూ చెయ్యి చాపాడు. నేను ఊదుతూనే ఉన్నాను. అతను పోయాడని తెలిశాక ఆ మాట బాపుతో అంటే, "నువ్వు లేసి పోతె వాడు బతుకుతుండెనా?" అన్నాడు. అది సరైన మాటేననుకున్నాను అప్పుడు.

రెండువేల సంవత్సరం దాటాక మా వైపు పొలాలు ప్లాట్లయ్యాయి. కరీంనగర్ రోడ్డు మీద ఫంక్షన్ హాళ్లు లేచాయి. కొత్త కాలనీల్లోకి ఆంధ్రా నుంచి ఉద్యోగాల వాళ్లు వచ్చారు. మా ఊళ్ల వాళ్లు బ్యాండు వైపు, స్పీకర్ డబ్బాల వైపు పోతున్న కాలంలో మమ్మల్ని పిలిచింది వాళ్లే. వాళ్లకు పెళ్లిలో సన్నాయి ఉండి తీరాలి. బాపు వాళ్ల కోసం ఆ వయసులో కొత్త కీర్తనలు రెండు కష్టపడి నేర్చుకున్నాడు.

అలాంటి ఒక పెళ్లి శామీర్‌పేట దాటాక ఒక హాల్లో జరిగింది. పెళ్లికూతురి తండ్రి ఏదో ఆఫీసులో పెద్ద గుమాస్తా, మెతకమనిషి. మేము చేరగానే మాకే ముందు ఇడ్లీ పెట్టించాడు. బాపు సగం ఇడ్లీ తిని వదిలేశాడు. "తల బరువున్నది" అన్నాడు. ఎండకేమో అన్నాడు కాక.

ముహూర్తం పదిన్నర దాటాక. మండపం పక్కన మాకు ఒక చిన్న అరుగు లాంటిది వేశారు. నడుమ బాపు, ఆయన ఎడమ పక్క కాక, కుడి పక్క నేను. పెళ్లికూతురు వచ్చి పీట మీద కూర్చుంది. నేను సుతి అందుకున్నాను. బాపు కొత్తగా నేర్చుకున్న కీర్తన ఎత్తుకున్నాడు. కొంతసేపయ్యాక కింది స్వరాలు పలకడం లేదని గమనించాను. కింది రంధ్రాల మీద ఉండేది కుడిచెయ్యి. ఆ వేళ్లు మూసుకోవలసిన చోట మూసుకోవడం లేదు. మరిచిపోయాడేమో అనుకున్నాను. తర్వాత బుస్సుమని చప్పుడు వచ్చింది. నా వైపున్న ఆయన మూతి కొసనుంచి గాలి పోతోంది. నలభై ఏళ్లు సన్నాయి ఊదిన బుగ్గ, చర్మపు సంచిలా గట్టిగా ఉండే బుగ్గ, కిందికి జారిపోయి ఉంది.

బాపు సన్నాయి నోట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నోటి నుంచి మాట ముద్దగా వచ్చింది.

"పట్టు."

అంతే అన్నాడు. అని నా మీదికి ఒరిగాడు. ఆయన తల నా భుజం మీద పడింది.

మా పనిలో ఆ మాటకు ఒకటే అర్థం. సన్నాయి ఆపవలసి వచ్చినప్పుడల్లా బాపు నన్ను చూసి "పట్టు" అనేవాడు, సుతి తెగకుండా పట్టి ఉంచమని. నేను పట్టాను. ఆయన బరువంతా ఆనుకుని ఉన్న భుజం కదలకుండా, బుగ్గలు నింపి, ముక్కుతో పీల్చి, ఊదుతూనే ఉన్నాను. కాక మా ఇద్దరినీ చూశాడు. డోలు మీద ఒక దెబ్బ తప్పింది. నన్ను కళ్లతో అడిగాడు. నేను ఊదుతున్నాను కాబట్టి ఆయనా కొట్టాడు. తర్వాత ఎన్నో ఏళ్లకు కాక అన్నది అదే: "నువ్వు ఆపుతవేమో, ఆపితె లేద్దామని సూసిన." నేనేమో, అన్నీ తెలిసిన కాక కొడుతున్నాడు కదా, పెద్దగా ఏమీ అయి ఉండదు అనుకున్నాను.

పెళ్లివారిలో ఒక పెద్దమనిషి వచ్చి వంగి చూశాడు.

"ఏంటయ్యా, సన్నాయి ఆపేశాడేంటి? తాగొచ్చాడా ఏంటి పొద్దున్నే?"

కాక కొడుతూనే తల అడ్డంగా ఊపాడు. "పానం బాగలేదు సార్."

"ముహూర్తం వేళకైనా వాయిస్తాడా?" అని ఆయన గడియారం చూసుకుని వెళ్లిపోయాడు.

జీలకర్ర బెల్లం పెట్టారు. తెర తీశారు. బాపు నోటి నుంచి చొంగ కారి నా చొక్కా చెయ్యి తడిసి వెచ్చగా తగులుతోంది. ఒకసారి ఆయన ఎడమచెయ్యి నా మోకాలు మీద తడుముకుంటూ వచ్చి, అక్కడే ఆగింది. ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది, గురకలా. నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. సుతి పట్టేవాడి కళ్లలో ఎప్పుడూ నీళ్లు ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. ఆపాలని ఒక్కసారి కూడా అనిపించలేదా అంటే, అనిపించింది. ప్రతి ఊపిరికీ అనిపించింది. ఈ ఊపిరి అయ్యాక ఆపుదాం అనుకునేలోపే ముక్కు ఇంకోటి పీల్చేది. నేర్పినట్టే.

పంతులు చెయ్యి ఊపాడు. గట్టిమేళం. సన్నాయి లేని గట్టిమేళం, డోలు ఒకటి, సుతి ఒకటి. అక్షింతలు పడ్డాయి. మూడో ముడి పడింది. అప్పుడు సుతి నోట్లోంచి తీశాను. బాపు ఒరిగి ముప్పావుగంట అయింది.

"బాపూ" అన్నాను. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి.

పెళ్లికూతురి తండ్రి తలంబ్రాలు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. బాపు మొహం చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. "అయ్యో, ఇది పక్షవాతం అండీ! ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు? చెప్పకపోతే ఎలాగండీ? పెళ్లి ఆపమన్నా ఆపేవాళ్లం కదా!" అన్నాడు. తన తమ్ముడి కారు ఇచ్చి పంపాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. ఆపమన్నా ఆపేవాళ్లం.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ బాపు కళ్లలోకి లైటు వేసి చూస్తూ అడిగింది.

"ఎంతసేపైంది మూతి వంకర పోయి?"

కాక నా వైపు చూశాడు. "గిప్పుడే మేడం. అరగంట గూడ కాలే. లగ్గం అయినంక పడ్డడు."

అప్పటికి బాపు ఒరిగి రెండు గంటలు దాటింది. నేను నోరు తెరవలేదు. ఆమె రాసుకుంది. ఆ రాత వల్ల ఏదైనా మంచి జరిగిందో, చెడు జరిగిందో నాకు తెలియదు. తర్వాత ఎప్పుడో షాపుకు కటింగ్‌కు వచ్చే ఒక మందుల షాపాయనను, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. ఇలాంటి జబ్బులో ఎంత జల్దీ తెస్తే అంత మంచిది, నిమిషాల మీద ఉంటుంది అన్నాడు. ఆ రోజు మిగిలిన గిరాకీని వెనక్కి పంపి షాపు మూసేశాను.

అమ్మ వచ్చినప్పుడు కూడా కాక అదే చెప్పాడు. లగ్గం అయినంక, సన్నాయి పక్కన పెట్టినంక పడ్డడు అని. అమ్మ నమ్మింది. "లగ్గం ఆగలే గద, గదే పదివేలు. ఆయన పానం దాంట్లనే ఉంటది" అంది.

బాపు ఆరేళ్లు బతికాడు. కుడివైపు కాలు, చెయ్యి పనికి రాలేదు. మాట పోయింది. పోతే పూర్తిగా పోయినా బాగుండేది. ఒక్క మాట మిగిలింది. "పట్టు." నీళ్లు కావాలన్నా అదే, దుప్పటి కప్పమన్నా అదే, దోమలు కుడుతున్నా, కడుపు నొచ్చినా, అమ్మ మీద కోపం వచ్చినా అదే. ఇలా ఒక్క మాటే మిగిలిపోవడం ఈ జబ్బులో ఉంటుందని దవాఖానలో చెప్పారు. ఆఖరున నోట్లో ఉన్న మాటే అట్లా నిలిచిపోవచ్చన్నారు.

ఇంటికి వచ్చినవాళ్లకు అమ్మ గర్వంగా చెప్పేది. "ఇంకా సుతి మీదనే ఉంది మనసు. కొడుక్కు శెప్తున్నడు, సుతి పట్టు బిడ్డా అని."

నేను లేచి బయటికి పోయేవాణ్ని. ఆయన పగలంతా ఆ మాట అంటుంటే వినీ వినీ, నాకు ఆలస్యంగా ఒక సంగతి తోచింది. ఆ రోజు ఆయన సుతి పట్టమన్నాడా, తనను పట్టుకోమన్నాడా? పడిపోతున్న మనిషి ఎవరైనా పక్కవాడితో అనే మాట కూడా అదే కదా. మోకాలు మీదికి వచ్చిన ఆ ఎడమచెయ్యి దేనికోసం వచ్చింది?

రోజు విడిచి రోజు నేనే ఆయనకు గడ్డం గీసేవాణ్ని. కుడి బుగ్గ మీద కత్తి నడవాలంటే చర్మాన్ని వేలితో చెవి వైపు లాగి పట్టుకోవాలి. వదిలితే జారిపోతుంది. ఒకరోజు అలా పట్టుకుని ఉన్నప్పుడు, ఇంట్లో ఎవరూ లేరని చూసి అడిగాను.

"బాపూ, ఆ రోజు లగ్గంల నన్ను ఏం పట్టమన్నవ్? సుతినా, నిన్నా?"

ఆయన నన్ను చూశాడు. కళ్లలో అంతా తెలిసినట్టే ఉంది.

"పట్టు" అన్నాడు.

"సుతినా?"

"పట్టు."

"నిన్నా?"

"పట్టు, పట్టు" అంటూ ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని ఊపాడు. చేతిలో కత్తి ఉందని నేను విడిపించుకున్నాను. మళ్లీ అడగలేదు.

కాక శామీర్‌పేట నుంచి ఇంకో సన్నాయి ఆయనను తెచ్చి మేళం నడిపాడు. ఆరేళ్లలో నాలుగేళ్లు నేను ఆయన వెనకాల సుతి పట్టాను. ఒక్కసారి కూడా తెగలేదు. ఐదో ఏడు ఆ సన్నాయి ఆయనే చిన్న రేడియో అంత కరెంటు సుతిపెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. మీట నొక్కితే మోగుతూనే ఉంటుంది. "ఏమనుకోకు తమ్మీ" అన్నాడు నాతో. నేనేమీ అనుకోలేదు. సైకిల్ మీద ఇంటికి వస్తూ నోటితోనే ఊపిరి తీసుకున్నాను.

బాపు పోయిన ఏడాదికి కాక కూడా మంచం పట్టాడు. అబద్ధం చెప్పిన ఇద్దరిలో నేనొక్కణ్నే మిగులుతానని అర్థమైంది. ఒక మధ్యాహ్నం అమ్మ మున్సిపాలిటీ నల్లా దగ్గర బకెట్లు నింపుతుంటే వెళ్లి పక్కన నిలబడి మొత్తం చెప్పాను. ఇడ్లీ దగ్గర్నుంచి ముడి పడేదాకా. భుజం మీద తల, డాక్టరమ్మ అడిగింది, కాక చెప్పింది, అన్నీ.

అమ్మ నల్లా కట్టేయలేదు. బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి.

"గంతసేపు బాపును సూస్తనే ఉన్నవా?" అంది.

"సూస్తనే ఉన్నమ్మా."

"మీ బాపు ఏం పట్టమన్నడో నాకెర్కలేదు బిడ్డా. నేనుంటె మాత్రం, నీ నోట్లకెల్లి ఆ సుతి గుంజి అవతల పారేస్తుంటి."

నేను బకెట్ అందుకోబోయాను. అమ్మ నా చెయ్యి తీసేసి, తనే రెండు బకెట్లూ ఎత్తుకుని, నీళ్లు తొణుకుతుండగా ఇంట్లోకి పోయింది. ఆ రోజు నాకు అన్నం పెట్టింది. మర్నాడూ పెట్టింది. ఆ సంగతి మాత్రం బతికున్నన్ని రోజులు మళ్లీ ఎత్తలేదు.